చీర ఎవరు నేశారు? తులాధారుణ్ని అడుగుదాం



శ్రావణమాసం వస్తోంది. వరలక్ష్మీ వ్రతానికి చీరలు కొనేవాళ్లు కొంటున్నారు, ఫోన్‌లో పేజీ పెట్టి అమ్మేవాళ్లు అమ్ముతున్నారు. మా కాప్రాలోనే అలా ఇంట్లోంచి అమ్మే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: "గురువుగారూ, పోచంపల్లి డిజైన్ వేసిన ప్రింట్ చీరలు తెప్పిస్తాను. ప్రింట్ అని రాస్తే ఎవరూ చూడట్లేదు. పోచంపల్లి చేనేత అని రాస్తే ఆర్డర్లు వస్తున్నాయి. ఆ రేటుకి అసలుది రాదని కొనేవాళ్లకీ తెలుసు కదా, ఇందులో పాపం ఏముంది?"

వీడియోలో దీనికి సగమే జవాబు చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి ఉన్నాడు. కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. ఇక ధర్మం నాకు దక్కింది అని పొంగిపోయాడు. వారణాసిలో తులాధారుడి ముందు నువ్వు సాటిరావు అని ఆకాశంలోంచి మాట వినిపించింది. ఎవరయ్యా ఆ తులాధారుడు అని చూస్తే, కొట్టు పెట్టుకున్న వ్యాపారి! ఆయన తక్కెడ గురించి అందరూ చెబుతారు. నాకు బాగా నచ్చేది ఇంకో మాట. పరుల చేతి నుంచి సరుకు కొని, మాయ లేకుండా అమ్ముతాను అంటాడు. అంటే ఈ రోజుల లెక్కలో రీసెల్లరే కదా.

ఆ "పరుల చేయి" ఎవరిదో ఒకసారి చూద్దాం. భూదాన్ పోచంపల్లి మనకి దూరమేం కాదు, పొద్దున బండి మీద బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంటికొచ్చేయొచ్చు. అక్కడ డిజైన్ బట్ట మీద వేయరు. నేయకముందే నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, దారంలోనే బొమ్మ పుట్టిస్తారు. అందుకే చీర తిరగేసినా రంగు అంతే ఉంటుంది, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. మామూలు ప్రింట్ అయితే వెనకవైపు వెలిసినట్టుంటుంది.

దానికంటే ముందు ఆసు పోయాలి. దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే పని. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు, తల్లి లక్ష్మమ్మ గారి భుజం నొప్పి చూడలేక దీనికి ఒక యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బడిలో ఎక్కువ చదువుకున్న మనిషి కాదు ఆయన.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి వద్దాం. ప్రింట్ చీర అమ్మడం పాపం కాదు. అందరూ చేనేత కొనలేరు, అమ్మవారు చీర రేటు అడగదు. తప్పు ఆ పేరు వాడటంలో ఉంది. పోచంపల్లి ఇకత్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి చట్టం సంగతి ఎలాగూ ఉంది, దాన్ని వదిలేద్దాం. కొనేవాళ్లకి తెలుసులే అనుకున్నా, వాళ్లతో పాటు ఇంకొకరు ఉన్నారు. చవక ప్రింట్‌కి చేనేత పేరు పెట్టాక, రోజుల తరబడి నేసినాయన తన చీర రేటు చెబితే "అంతా? ఆన్‌లైన్‌లో పదోవంతుకే ఉంది కదా" అంటారు. ఆయన దగ్గర దానికి సమాధానం లేదు. ఆయన కొడుకు మగ్గం ఎక్కడు.

అసలు చేనేతే అమ్ముతూ "మా ఇంట్లో నేసినది" అని రాసేవాళ్లూ ఉన్నారు. అదీ మాయే. ఫలానా ఊళ్లో, ఫలానా సంఘం దగ్గర కొన్నాం అని రాస్తే మీ విలువేం తగ్గదు. తులాధారుడు కొన్నానని చెప్పుకునే జాజలికి గురువయ్యాడు.

వ్రతం రోజు సంకల్పంలో ఊరు, గోత్రం, పేరు అన్నీ చెప్పుకుంటాం. అమ్మవారికి కట్టే చీర ఏ ఊరిదో ఈసారి కొట్లో అడగండి. ప్రింట్ అని చెబితే ప్రింట్ రేటు ఇచ్చి, సంతోషంగా తెచ్చుకోండి.