మరక పడిన కాగితం

పెడనలో సరళ, నూర్జహాన్ అని ఇద్దరు చిన్ననాటి నేస్తాలు. నూర్జహాన్‌ది కలంకారీ అద్దకం పని. సరళ బడిలో లెక్కలు చెబుతుంది. ఒక వేసవి సెలవుల్లో ఇద్దరూ కలిసి చేత్తో నోటుపుస్తకాలు కుట్టుకుందామనుకున్నారు.

సరళ ముందురోజే అన్నీ సిద్ధం చేసింది. కాగితాలకు పాతకాలపు రంగు రావాలని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసింది. మధ్యకు మడిచి, నాలుగేసి ఒకదాంట్లో ఒకటి దూర్చి 16 పేజీల ఫారాలు కట్టింది. మైదా బంక ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపింది. దారానికి మైనం పట్టించింది. అంతవరకూ బాగానే ఉంది. కుట్టడం మొదలయ్యాకే వచ్చింది చిక్కు. దబ్బనంతో పొడిచిన చిల్లు గీత మీంచి వెంట్రుకవాసి జరిగితే ఆ ఫారం పక్కన పడేసేది. అట్టకు అంటించిన గుడ్డ కాస్త ముడత పడితే పీకేసేది. మధ్యాహ్నానికి ఆమె పక్కన కుప్ప పెరిగింది గానీ పుస్తకం మాత్రం తయారవలేదు.

నూర్జహాన్ ఒక సంచి, ఒక సీసా తెచ్చింది. సంచిలో అచ్చు సరిగా పడుతోందో లేదో చూసుకోవడానికి అద్దిన పాత గుడ్డముక్కలు. సీసాలో తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి వడకట్టిన నీళ్లు. కలంకారీలో నలుపు వచ్చేది వాటితోనే. మూత తీస్తుంటే ఒక బొట్టు సరళ కాగితం మీద పడింది. కరక్కాయ పట్టిన కాగితం కదా, చూస్తుండగానే నల్లగా పాకింది.

“అయ్యో, పాడు చేశావు కదే! ఉన్నవాటిలో ఇదే మంచి కాగితం.”

“పోనీలే, ఇక దీన్ని చూసి భయపడక్కర్లేదు” అంటూ నూర్జహాన్ పుల్ల ముంచి ఆ మరకకు ముక్కు గీసింది. “కాకి. ఇప్పుడు నీ వంతు.”

సరళకు ఒళ్లు మండింది. పుల్ల అందుకోవడానికి చాలాసేపే పట్టింది. చివరికి కాకి కింద ఒక కరెంటు తీగ గీసింది. నూర్జహాన్ ఆ తీగ మీద ఇంకో కాకిని కూర్చోబెట్టింది. సరళ దానికి కళ్లజోడు పెట్టింది. ఇద్దరూ పకపకా నవ్వారు. అక్కడే ఒక నియమం పుట్టింది. ఏదీ చెరపకూడదు, ఒకరు వదిలినచోట రెండోవారు అందుకోవాలి. పక్కన పడేసిన కుప్ప మళ్లీ ముందుకొచ్చింది. పక్కకి జరిగిన చిల్లు చేపకు కన్నయింది. సాయంత్రానికి రెండు పుస్తకాలు తయారయ్యాయి. కుట్టు వంకరే, కానీ ఒక్క ఫారమూ ఊడలేదు.

“ఇలా వస్తుందని ముందే తెలుసా నీకు?” అంది సరళ.

“పటిక అద్దేటప్పుడు ఎరుపు కనపడదే. గుడ్డ రంగునీళ్లలో ఉడికాకే తేలుతుంది. అప్పటిదాకా అద్దుతూ పోవడమే” అంది నూర్జహాన్.

నీతి: చేస్తుండగానే తప్పులెంచితే చెయ్యి ముడుచుకుపోతుంది. నేస్తంతో కలిసి ఆడుతూ చేస్తే అదే చెయ్యి తెరుచుకుంటుంది.

అలాగని సరళ ముందుచూపును తక్కువ చేయకూడదు. ఆమె కట్టిన ఫారాలు, పట్టించిన మైనమే ఆ పుస్తకాలను నిలబెట్టాయి. ఆమెకు కొరవడింది పనితనం కాదు, పాడవుతుందన్న భయాన్ని పోగొట్టే తోడు. మన మంచి కాగితం మీద మొదటి మరక మనంతట మనం వేసుకోలేం. అందుకు మనల్ని ఎరిగిన మనిషి కావాలి. ఆ మనిషి తీర్పు చెప్పకుండా “నీ వంతు” అని పుల్ల చేతికివ్వాలి. పెద్దయ్యాక మనం ఒకరి పని ఒకరికి చూపించుకుంటున్నాం గానీ, ఒకే కాగితం మీద ఇద్దరం గీయడం మానేశాం. నాకు బాధనిపించేది అదే.

మీ బీరువాలోనూ పాడవుతుందని దాచుకున్న నోటుపుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీయండి. నేస్తాన్ని పిలిచి, మొదటి పేజీ వాళ్లచేత గీయించండి. రెండోది మీరు అందుకోండి.