కూలి లెక్క, కర్మ లెక్క

చదరపు అడుగు లెక్కన గోడ పూత గుత్తకు పట్టిన తాపీ మేస్త్రికి వేగమే కూలి. మరి ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న గీత మాట నాలాంటివాడికి ఎలా పొసుగుతుంది? సాయంత్రం లెక్క చూసుకోకపోతే ఇల్లు గడవదు.

నాకు తోచిన జవాబు గోడ దగ్గరే ఉంది. చెయ్యి గబగబా ఆడించినంత మాత్రాన పని తెమలదు. ముందే ఇటుక గోడ తడిపి, తూకం గుండు వదిలి, 12 మిల్లీమీటర్ల మందానికి మాలుతో గుర్తులు పెట్టుకుంటాను. మాలుకు సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. అదీ అరగంటలో వాడేసేంతే కలపమంటాను. నీళ్లు తగిలాక సిమెంటు ఎవరి కోసమూ ఆగదు. గోడ వారన గోతం పరిస్తే రాలిన మాలు మట్టి అంటకుండా వెంటనే మళ్లీ పైకెక్కుతుంది. బద్ద లాగాక, తడి కాస్త గుంజుకునేదాకా రుద్దుడు చెక్క ముట్టను. ఆలోగా పక్క గోడకు మాలు పడుతుంది.

మనసు సాయంత్రం కూలి మీద ఉన్న కుర్రాడు పచ్చి గోడనే రుద్దేస్తాడు. పూత జారుతుంది, మళ్లీ కొట్టాలి. ఆశ వదలడమంటే కూలి వదులుకోవడం కాదు, బద్ద చేతిలో ఉన్నంతసేపూ దాన్ని తలవకపోవడం.

పని ఎంత తొందరగా ముగిసినా ఏడు రోజుల తడుపు తగ్గదు. దానికి నాకు కూలి రాదు. అయినా ఇంటావిడకు చెప్పే కదులుతాను: "పూటపూటా నీళ్లు కొట్టించండమ్మా, లేకపోతే బీటలిస్తుంది." ఫలం ఆశించని కర్మ నా లెక్కలో ఏదైనా ఉంటే ఆ హెచ్చరికే.