పదునొకండుగురు, ఒక దేశము

పదునొకండుగురు మనుష్యులు పచ్చికబయలున బంతిని దన్నుచుండగా, దానిని ముట్టనైన ముట్టని లక్షలాది జనులు “మేము గెలిచితిమి” యనుట విచారింపదగిన మాట. ఈ “మేము” ఎక్కడనుండి వచ్చినది?

దీని పుట్టుక చూచిన కొంత నవ్వు వచ్చును. 1872 నవంబరు 30వ తేదీన గ్లాస్గో నగరమున స్కాట్లండు, ఇంగ్లండు జట్లు తలపడెను. చూడవచ్చినవారు సుమారు 4,000. ఎవరును గోలు చేయలేదు. దేశముల మధ్య అధికారికముగా జరిగిన తొలి ఫుట్‌బాలు పందెమిదియే. స్కాట్లండు పక్షమున నాడిన పదునొకండుగురును క్వీన్సు పార్కు అను నొక్క క్లబ్బువారే! అంతకుముందు లండనులో నాడిన “స్కాట్లండు” జట్లు లండను నివాసులతో గూర్చినవని స్కాటు లాక్షేపించియుండిరి. కావున ఎవరికెవరు ప్రతినిధులన్న తగవు ఈ పందెములతోడనే పుట్టినది. 1904లో పారిసున 7 దేశములవారు కూడి ఫిఫాను స్థాపించిరి. 1930లో ఉరుగ్వేయందు 13 జట్లతో తొలి ప్రపంచకప్పు జరిగెను.

మన తెలుగునాట ఈ యాటకు హైదరాబాదే పుట్టినిల్లు. బడిపంతులైన సయ్యదు అబ్దుల్ రహీము తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 మార్లు రోవర్సుకప్పు గెలిచెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీయందు ఆసియాక్రీడల స్వర్ణమును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాల్గవ స్థానమును పొందెను.

1962లో జకార్తాయందు జరిగినది వేరు. ఇజ్రాయెలు, తైవానులను రానీయనందున అవి ఆసియాక్రీడలే కావని మనదేశపు క్రీడాధికారి సోంధీ యనెను. మాట న్యాయమైనదే. కాని జనుల కోపము భారత రాయబార కార్యాలయముమీదను, పిదప మన యాటగాండ్రమీదను పడెను. తుదియాట నాడు ప్రేక్షకులు వారిని హేళన చేయుచుండగా, తలకు కుట్లు పడిన జర్నయిలు సింగు గోలు చేసెను. దక్షిణకొరియాపై 2–1తో గెలుపు మనదయ్యెను. ఆ యాటగాండ్రు చేసిన నేరమేమి? ఏమియు లేదు. అయినను జయమున వారు “మేము” అయినచో, సోంధీ మాటకు వారిని దూషించుటయు నొప్పుకొనవలసివచ్చును. రెండింటికిని మూలమొక్కటే.

మా గోదావరిసీమలో సంక్రాంతికి కాలికి కత్తి గట్టిన పుంజు నేలగూలగా, దాని యజమాని పౌరుషము గూలినట్లు తలవంచుకొనుట చూచుచున్నాము. ఇతరుని రక్తముతో మన పరువును కొలుచుకొను విద్య మనకు గ్లాస్గోవారు నేర్పినది కాదు. ఆ జనులే శివరాత్రినాడు ఇరుగట్లనుండియు పడవలలో వచ్చి పట్టిసీమ కొండమీది వీరభద్రునకు మ్రొక్కుదురు. అచ్చట నే గట్టువారని యెవరు నడుగరు.

అట్లని ప్రాతినిధ్యమే తగదని మేమనము. శాసనసభయు దానిమీదనే నిలిచియున్నది. అయితే సభ్యునికి మన మధికారమిత్తుము, లెక్క యడుగుదుము. ఆటగానికి మనమేమిచ్చితిమి? రహీము పంతులు తన యాయువునిచ్చెను. వ్యాధితోనే జకార్తాకు పోయి, 1963 జూనులో కన్నుమూసెను. “మేము” అనుట కాయనకు హక్కు కలదు. తక్కినవారి హక్కు సందేహమే.

ముఖ్యముగా మన గృహస్థుల హక్కు. ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘము 1921లో స్త్రీలకు తన మైదానములను మూసివేసి, అర్ధశతాబ్దము తెరువలేదు. నేడు నిజామాబాదునుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారతజట్టున నాడినది. అయినను బాలికకు పండ్రెండేండ్లు నిండగానే “ఇక చాలు, లోపలికి రమ్ము” అని పిలుచు ఇండ్లెన్నో కలవు. బూట్లు తమ్మునికి మాత్రమే కొనబడును.