హ్యాపీలో దాగిన అదృష్టం

ఇంగ్లీషు విశేషణాలన్నిటిలో నాకు మహా ఇష్టమైనది హ్యాపీ. నర్సరీ పిల్లలకు కూడా వచ్చిన మాటే. అంత చిన్న మాట కడుపులో ఎంత కథ ఉందో తెలిసినప్పటి నుంచీ అది చెవిన పడితే చాలు, ఒళ్లు పులకరిస్తుంది.

వెయ్యేళ్లకు పైమాటే, వైకింగులు సముద్రం దాటి ఇంగ్లండు మీద పడ్డారు. దోచుకోవడానికి వచ్చినవాళ్లలో కొందరు యార్క్‌షైర్ లాంటి చోట్ల పొలాలు దున్నుకుంటూ అక్కడే ఉండిపోయారు. స్థానికులతో వియ్యమందారు. వాళ్ల నార్స్ భాష నుంచి ఇంగ్లీషుకు దక్కిన మాటలు ఎన్నని! గుడ్డును చెప్పే ఎగ్, ఆకాశాన్ని చెప్పే స్కై, కిటికీని చెప్పే విండో, ఆఖరికి హజ్బెండ్ కూడా ఆ సొత్తే. ఆ మూటలోనే హ్యాప్ కూడా ఉంది. హ్యాప్ అంటే అదృష్టం, తలవని తలంపుగా కలిసొచ్చేది. ఐస్‌లాండ్ వాళ్లు లాటరీకి పెట్టుకున్న పేరులో ఆ పాత మాట నేటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.

14వ శతాబ్దంలో ఆ హ్యాప్ నుంచే హ్యాపీ పుట్టింది. తొలినాళ్లలో హ్యాపీ మనిషి అంటే అదృష్టవంతుడు. మనవాళ్లైతే నక్కతోక తొక్కొచ్చాడనే వాళ్లు. బయట కలిసొచ్చిన దాన్ని చెప్పిన మాట మెల్లగా లోపలికి దిగి, మనసు నిండడాన్ని చెప్పసాగింది. ఎంత అందమైన ప్రయాణం!

దాని తోబుట్టువులను చూడండి. ఏదైనా జరగడాన్ని చెప్పే హ్యాపెన్, బహుశా అని నసిగే పర్‌హ్యాప్స్, అపశ్రుతిని చెప్పే మిస్‌హ్యాప్, అదృష్టం మొహం చాటేసినవాణ్ణి చెప్పే హ్యాప్‌లెస్, అన్నీ ఒక్క తల్లి బిడ్డలే. సంతోషమూ సందేహమూ ఒకే పురిటింట కళ్లు తెరిచాయంటే ఆశ్చర్యం కాదూ! జర్మన్లకు సంతోషానికీ అదృష్టానికీ కలిపి ఒకటే మాట, గ్లూక్. ఫ్రెంచివాళ్ల బొనర్‌ని విప్పి చూస్తే మంచి శకునం బయటపడుతుంది.

ఇంగ్లీషులో ఆ పాత అర్థం ఇంకా ఊపిరితోనే ఉంది. అనుకోకుండా మంచి జరిగితే హ్యాపీ యాక్సిడెంట్ అంటారు. బిడ్డ పుట్టడాన్ని హ్యాపీ ఈవెంట్ అంటారు. నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది మరొకటి: సందర్భానికి అతికినట్టు కుదిరిన పలుకుబడిని హ్యాపీ ఫ్రేజ్ అనడం. మాటకు సంతోషమేమిటి? వెతికిన మాట సరిగ్గా ఆ క్షణాన, సరిగ్గా ఆ చోట వచ్చి కూర్చోవడం రాసేవాడి అదృష్టం. రాసేవాళ్లందరికీ తెలిసిన ఆ భాగ్యాన్ని ఒక్క విశేషణంలో పెట్టేశారు. ఇక 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ప్రాణంతో, స్వేచ్ఛతో సమానంగా హ్యాపీనెస్ కోసం సాగే అన్వేషణను కూడా మనిషి హక్కుగా చాటింది. దానంతటది రావలసినదాన్ని వెతుక్కుంటూ వెళ్లే హక్కు! ఆ ఊహకే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మన నోట పడ్డాక ఈ మాట సొగసే వేరు. వెనక ‘గా’ తగిలించి దాన్ని మన ఇంటి మాట చేసుకున్నాం. రిజర్వేషన్ లేకుండా రైలెక్కిన ఆవిడ, భుజాన సంచి, చంకలో పిల్లాడు, తలుపు దగ్గరే ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. ఏదో స్టేషన్లో ఎవరో దిగుతారు. ఖాళీ అయిన చోటు సరిగ్గా ఆవిడ పక్కనే. ఇల్లు చేరాక సంచి దించుతూ అంటుంది: “కిటికీ పక్క సీటు దొరికింది వదినా, హ్యాపీగా కూర్చుని వచ్చా.” ఆ ‘దొరికింది’లో వైకింగుల హ్యాప్ ఉంది. ఆ వెంటనే వచ్చిన ‘హ్యాపీగా’లో చల్లగాలి, పిల్లాడి నిద్ర, కాళ్ల నొప్పి తీరిన సుఖం ఉన్నాయి.