ఎవరికి స్తోత్రం?

మా పల్లెలో రెండు మాటలు వింటూ పెరిగాను. కామందుల దొడ్లో మాయమ్మ అనే 'మీ దయమ్మా' ఒకటి. చర్చిలో ఆమే అనే 'స్తోత్రం ప్రభువా' రెండోది. చాలాకాలం ఈ రెండూ ఒకటే అనుకున్నాను. రెండింటికీ నడుం వంగాల్సిందే గదా!

సంక్రాంతికి దొడ్డివాకిట్లో నిలబడేవాళ్ళం. కామందు భార్య పైనుంచి అరిసెలు వేస్తే మాయమ్మ కొంగు పట్టేది. మా నాయన ఆ ఇంటి పాలేరు. ఆయన పండించిన వడ్లే ఆ అరిసెలు. అయినా దయ వాళ్ళది, విశ్వాసం మాత్రం మేం చూపించాలి. కూలి పెంచమంటే 'తిన్న ఉప్పు మరిచారు' అనేవాళ్ళు. ఎవరి ఉప్పు ఎవరు తిన్నారో ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని వేటాడి చంపారు. ప్రాణాలు దక్కినవాళ్ళు చీరాల చేరి తలదాచుకున్నారు. ఆ ఏడే మా పల్లె కూడా కూలి పెంచమని అడిగింది. వెంటనే వెలేశారు. పనిలేదు, కొట్లో సరుకు లేదు, గేదె మేయడానికి గట్టు లేదు. కొన్నాళ్ళకి ఊరిపెద్దలు శాంతి సమావేశం పెట్టారు. తప్పయిందంటే అంతా సర్దుకుంటుందన్నారు. "తప్పు చేస్తే గదయ్యా" అని మా నాయన లేచొచ్చేశాడు. మేం నోరు మూసుకోవడమే వాళ్ళ లెక్కలో శాంతి.

క్రిస్మస్ వచ్చింది. కొత్తబట్టలు లేవు, పొయ్యిమీదికి గింజల్లేవు. ఈ ఏడు పండగొద్దని పెద్దలన్నారు. "మానేస్తే ఆళ్ళు గెలిచినట్టేగా" అంది మాయమ్మ. పిల్లలం వెదురుబద్దలు కట్టి, రంగు కాగితాల్లేక పాత పేపర్లంటించి నక్షత్రం చేశాం. పొద్దుగూకేవేళ మాదిగగూడెం వాళ్ళు అరబస్తా నూకలు మోసుకొచ్చారు. అప్పటిదాకా వాళ్ళ కుండలో నీళ్ళు తాగని మాలలం మేం. ఆ రాత్రి ఒకే పొయ్యిమీద వండుకుని ఒకే బంతిలో తిన్నాం. మాకు జరిగిన అవమానం గురించి చెప్పుకున్నంత సులువుగా, మేం చేసిన ఈ అవమానం గురించి చెప్పుకోలేను. కానీ చెప్పాలి.

చర్చిలో సాక్ష్యం చెప్పడానికి మాయమ్మ లేచింది. నూకలు తెచ్చిన వాళ్ళనీ, పాలిచ్చిన పెద్దమ్మనీ, రాత్రుళ్ళు పల్లెకి కాపలా కాసిన కుర్రాళ్ళనీ పేరుపేరునా తలుచుకుంది. "ముందు దేవుడికి చెప్పమ్మా" అన్నారు అయ్యగారు. "ఆళ్ళ చేతుల్తోనేగా అయ్యగారూ ఆయన పెట్టింది!" అంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. యూనివర్సిటీలో చదివేటప్పుడు కృతజ్ఞత బానిస గుణమని వాదించాను. 1927 డిసెంబరు 25నే అంబేద్కర్ నాయకత్వంలో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారని అప్పుడే చదివాను. 1968లో అదే తేదీన తమిళనాడులోని కీళ్వెణ్మణిలో, కూలి పోరాటం చేసినందుకు, గుడిసెలో దాక్కున్న 44 మంది దళితుల్ని సజీవంగా దహనం చేశారనీ చదివాను. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ. అలాంటి రోజున శాంతి ఎక్కణ్ణుంచి వస్తుంది?

మరిచిపోతే రాదు. రాజీపడితే అసలే రాదు. మాయమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తెల్లారితే వెలి అట్లాగే ఉంటుందని ఆమెకి తెలుసు. ఎవరికీ తలవంచకుండా కడుపునిండా తిన్న మొదటి పండగ అది. ఆమె శాంతి అదే.

పైకి చూసి చెప్పే కృతజ్ఞత అప్పులాంటిది, ఎంత చెప్పినా తీరదు. పక్కకి తిరిగి, మనతో పస్తున్నవాళ్ళకి చెప్పే కృతజ్ఞత మాత్రం బలం. ఉద్యమంలో అలిసిపోయినవాళ్ళూ, పండక్కి ఇంటికి పోలేక హాస్టల్లో మిగిలిపోయినవాళ్ళూ ఒక్కసారి పక్కకి తిరిగి చూడండి. నూకలు మోసుకొచ్చినవాళ్ళు ఎవరో ఒకరుంటారు. వాళ్ళ పేరు పైకి చెప్పండి. మా అమ్మ స్తోత్రం అదే.