ఆకాశమునుండి అంతర్వేది

మొగల్తూరులో మా ఇంట నడవలేని ఒక ముదుసలి కలదు. భీష్మైకాదశినాడు అంతర్వేది స్వామివారి రథోత్సవమునకు ఊరివారు తరలిపోగా, ఆమె మనుమడు సెల్‌ఫోనులో గూగుల్ ఎర్త్ తెఱచి, వశిష్ఠ గోదావరి సముద్రమున గలియు చోటును చూపెను. ఆమె చేతులు జోడించి, చాలసేపు చూచి, "ఏరా నాన్నా, ఇందులోంచి స్వామికి మనం కనబడతామా?" అని యడిగెను.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దర్శనము మనము చేయునది మాత్రమే కాదు, స్వామి యిచ్చునది. చూడబడుటయు నందులో సగము. ఆకాశచిత్రమునకు ఆ సగము లేదు. అది యొక క్షణమున ఒక కన్ను చూచినదియు గాదు; వేఱువేఱు దినముల తునుకలను అతికి కూర్చినది.

అయినను దానిని తృణీకరింపజాలను. 2009లో ఇస్రో తన ఆకాశచిత్రముల జాలస్థలమైన భువన్‌ను ప్రజలకు తెఱచిన నాటనుండి నేనును మా డెల్టాను ఎన్నిమాఱులో పైనుండి చూచితిని. ధవళేశ్వరమునకు దిగువను గౌతమిగను వశిష్ఠగను చీలిన గోదావరి నడుమను, ఇరుప్రక్కలను, తీరమునకు సమాంతరముగా వంపు తిరిగిన చారలు కానవచ్చును. అవి యన్నియు ఒకప్పటి సముద్రతీరములు. కొన్నివేల యేండ్లుగా నది తెచ్చిన ఒండ్రు కడలిని వెనుకకు నెట్టుచుండగా మిగిలిన ఇసుకమెట్టలు. వాని మీద ఊళ్లు, కొబ్బరితోటలు, పల్లములందు వరిచేలు, పేరుపాలెము దిక్కున రొయ్యల చెఱువులు. గోదావరి పాయల సంగమములను వరుసగా సేవించు సప్తసాగరయాత్ర చేయువాడు ఒక్కొక్క సంగమమునే చూచును గాని, ఇంత కాలమును ఒక్కచూపున చూడజాలడు.

అయితే ఆ చూపుననే నిలువలేము. అర్జునుడును దివ్యచక్షువుతో విశ్వరూపమును గాంచి, పిమ్మట పూర్వపు సౌమ్యరూపమునే చూపుమని వేడుకొనెను. విశ్వరూపము అసత్యమై కాదు. దాని చెంత మనుష్యుడు నిలువలేడు. తీర్థమనగా దిగి దాటు రేవు. పాదము తడియని చోట తీర్థము లేదని నా నిశ్చయము.

మఱి ఆ ముదుసలి నమస్కారము వ్యర్థమా? కాదు. ఆమె ఏండ్లతరబడి ఆ సంగమమున మునిగినది. చిత్రము ఆమెకు స్మరణమునకు ద్వారమైనది. మనుమనికి మాత్రము అది నీలిరేఖ చివరనున్న చుక్క. కావున పెద్దలారా, పిల్లలకు ఆ చిత్రమును చూపుటకు ముందు, ఒక్కమాఱు వారిని నర్సాపురము రేవున పంటు ఎక్కించి, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదికి గొనిపొండు.