దేవుణ్ణి ఏమని అడగాలి?

మీ అబ్బాయి ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే నాకు గొంతులో పచ్చి వెలక్కాయ పడినట్టవుతుంది. నార్త్ కెరొలైనాలో మేముండే వైపు, మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రశ్నకి జవాబు రెండు ముక్కల్లో అయిపోవాలి. కంపెనీ పేరొకటి, ఊరి పేరొకటి. "బేస్‌బాల్ ఆడుతున్నాడండీ" అన్నాననుకోండి, "అది సరేనండీ, ఏం చేస్తున్నాడూ?" అని మళ్ళీ అడుగుతారు. అడిగినాయన తప్పేమీ లేదు. నేను ఆయన కుర్చీలో ఉంటే నేనూ అలాగే అడిగేవాణ్ణి.

ఆడటమంటే టీవీలో కనిపించే ఆట కాదు. పెద్ద లీగులో ఉన్నవి 30 జట్లు, జట్టుకి 26 మంది. వాటి కింద నాలుగు మెట్లుగా 120 చిన్న జట్లు. మావాడు ఆ నాలుగింట్లో అట్టడుగు మెట్టు మీద ఉన్నాడు. ఆ మెట్టుకి 2020 దాకా కనీస జీతం వారానికి 290 డాలర్లు, అదీ ఆటలు జరిగే నెలల్లోనే. 2023లో ఆటగాళ్ళ సంఘం మొదటిసారి ఉమ్మడి ఒప్పందం కుదుర్చుకున్నాక ఏడాదికి 26,200 అయింది. అంచేత నేను ఫిర్యాదు చెయ్యకూడదు. చెయ్యటం లేదు కూడా. ఆ పని మా ఆవిడ చూసుకుంటుంది.

"మనవాళ్ళ మీద సినిమా కూడా వచ్చిందిగా!" అని ధైర్యం చెప్పేవాళ్ళున్నారు. నిజమే. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో పిట్స్‌బర్గ్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. 2014లో సినిమా వచ్చింది. సినిమాలు ఒప్పందం దాకా చెప్పి ఊరుకుంటాయి. ఆ ఇద్దరూ పెద్ద లీగు గడప తొక్కలేదు. రింకూ తర్వాత కుస్తీల్లోకి వెళ్ళాడు. ఈ సంగతి నేను వచ్చినవాళ్ళకి చెప్పను. కాఫీ ఇచ్చి పంపిస్తాను.

మావాడు పిచర్. మన బౌలరు లాంటివాడే గానీ, పరుగెత్తుకుంటూ రాడు, బంతిని నేలకి కొట్టడు. నిలబడిన చోటునుంచి అరవై అడుగుల పైచిలుకు దూరానికి తిన్నగా విసురుతాడు. గంటకి 95 మైళ్ళు. మనిషి మోచేతిని దేవుడు ఇందుకోసం చేసినట్టు లేదు. రెండేళ్ళ క్రితం మావాడి మోచేతి లోపల ఎముకల్ని పట్టి ఉంచే కట్టు తెగిపోయింది.

దానికొక ఆపరేషనుంది. ముంజేతిలో ఒక సన్నటి తీగలాంటి స్నాయువు ఉంటుంది. కొంతమందికి పుట్టుకతోనే ఉండదట, లేకపోయినా లోటేమీ తెలియదట. దాన్ని తీసి, మోచేతి ఎముకలకి బెజ్జాలు పెట్టి, అందులోంచి దూర్చి బిగిస్తారు. నులకమంచం అల్లినట్టే అనిపించింది నాకు. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు టామీ జాన్ అనే ఆటగాడికి మొదటిసారి ఇలా చేశాడు. ఆపరేషనుకి ముందు టామీ జాన్ గెలిచిన ఆటలు 124, తర్వాత గెలిచినవి 164. అంచేత కాబోలు, ఆపరేషనుకి డాక్టరు పేరు కాకుండా రోగి పేరు పెట్టారు.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో నేనూ మా ఆవిడా కూర్చున్నాం. డాక్టరు బయటికొచ్చి, "చక్కగా అయింది, ఏడాది పైన పడుతుంది గానీ మళ్ళీ విసురుతాడు" అన్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊపాను. అదే క్షణంలో నా మనసులో ఒక మూల చిన్న నిరాశ కలిగింది. ఇంకొంచెం తక్కువ చక్కగా అయినా సరిపోయేదే, అన్నం తినటానికీ, కంప్యూటరు మీద పని చేసుకోటానికీ పనికొచ్చేటంతగా అయితే చాలునే అనిపించింది. కన్నకొడుకు చెయ్యి పూర్తిగా బాగవ్వకూడదని కోరుకున్న తండ్రిని ఏమనాలో నాకు తెలీదు. ఈ సంగతి మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. ఇక్కడ చదివి తెలుసుకుంటుంది.

రెండో పాపం పోయిన వేసవిలో చేశాను. మా రాలీ నుంచి రెండు గంటల దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఆట. ఏడో ఇన్నింగ్సులో మావాణ్ణి పంపారు. అప్పటికే రెండు బేసుల మీద అవతలివాళ్ళు కాచుకుని ఉన్నారు. నేను కళ్ళు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తలుచుకున్నాను. మావాడు మూడు బంతులూ వేశాడు, బ్యాటరు మూడూ గాలిలో ఊపి తలొంచుకుని వెళ్ళిపోయాడు. నేను ఎగిరి గంతేశాను. నా ముందు వరసలో కూర్చున్నావిడ వెనక్కి తిరిగింది. ఆ బ్యాటరు తల్లి.

కోపంగా తిరిగిందనుకునేరు. "మీ అబ్బాయా? బాగా వేశాడు" అని చేతిలో ఉన్న వేరుశనగల పొట్లం నా వైపు చాపింది. వాళ్ళబ్బాయికి వారం రోజులుగా బంతి తగలటం లేదట. ఎప్పుడు ఆఫీసు గదిలోకి పిలిచి సామాను సర్దుకోమంటారోనని భయంగా ఉందట. "నేనూ ఇందాక దేవుణ్ణి ప్రార్థించాను" అంది.

ఆ వేరుశనగలు నాకు మింగుడు పడలేదు. ఇద్దరం ఒకే నిమిషంలో పైవాణ్ణి అడిగాం. నేనడిగింది తేటగా చెప్పుకుంటే, ఈవిడ కొడుకు ఓడిపోవాలని అడిగాను.

అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఈ తగువు ఆటలకే ఉందా? ఎనభైల చివర్లో నేను ఎంసెట్ రాశాను. నా ర్యాంకు కింద సీటు రాని కుర్రాడెవడో ఉండే ఉంటాడు. మా అమ్మ నాకోసం కొట్టిన కొబ్బరికాయ వాడి నెత్తిన పగిలిందన్నమాట. వాడి తల్లి నా ముందు వరసలో కూర్చోలేదు, అంతే తేడా.

మా నాన్న గుంటూరు జిల్లాలో మిరప వేసేవాడు. అంతకంటే జూదం బేస్‌బాల్లో కూడా లేదు. ఒక ఏడు మిద్దె కట్టిస్తుంది, మరో ఏడు పుస్తెలు తాకట్టు పెట్టిస్తుంది. "ఎన్నాళ్ళయ్యా ఈ మిరప, వదిలెయ్యి" అని ఆయన్ని అన్నవాళ్ళు లేరు. మావాణ్ణి మాత్రం ఇరవైనాలుగేళ్ళకే అందరూ అంటున్నారు, ముందు నేను. ఖమ్మం వైపు పంటకి తెగులొచ్చిందంటే గుంటూరు యార్డులో ధర లేచేది. ఆ కబురు మోసుకొచ్చినవాళ్ళు మా అరుగు మీద కూర్చుని తొడలు చరుచుకునేవాళ్ళు. మా నాన్న "అయ్యో" అనేవాడు కాదు, "అదృష్టం" అనేవాడూ కాదు. లేచి వెళ్ళి టిక్కీలు లెక్కపెట్టుకునేవాడు. అది మొండితనమనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆయనుంటే అడగాలనుంది, ఆ ధర కోసం మీరు ఎప్పుడైనా దణ్ణం పెట్టుకున్నారా అని.

మావాణ్ణే అడిగాను ఒకసారి, "నువ్వు ఆటకి ముందు ఏమని మొక్కుతావురా?" అని. "మోచెయ్యి నొప్పి పుట్టకూడదని, నాన్నా. మిగతాది వాడి చేతిలోనూ ఉందిగా" అన్నాడు. వాడంటే ఎవరు, దేవుడా, బ్యాటరా అని నేను రెట్టించలేదు.

మొన్న ఫోను చేశాడు, శనివారం ఆడతాడట. మా ఆవిడ జట్టులోని నలుగురు కుర్రాళ్ళకి కూడా సరిపడా పులిహోర కలుపుతోంది. బయలుదేరేముందు దారిలో కేరీ గుడి దగ్గర ఆగాం. నేను ధ్వజస్తంభం దగ్గర కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను కాబోలు, కారెక్కాక అడిగింది.

"ఏమండీ, అంతసేపు ఏం అడిగారు?"

"గ్రౌండు దగ్గర పార్కింగు దొరకాలని."

"అక్కడ ఎప్పుడూ ఖాళీయేగా!"

"అందుకే అడిగాను."

మా ఆవిడ నావైపు ఒకసారి చూసి, పులిహోర గిన్నె ఒలక్కుండా ఒళ్ళో పెట్టుకుంది.